శేషజీవితం

మన వాడుకలో ‘శేషజీవితం’ అనే మాట ఒకటి ఉన్నది. పదవీ విరమణ సభలో దానిని గౌరవంగా పలుకుతాము. పెద్ద వయసులో భార్యనో భర్తనో పోగొట్టుకొన్నవారి విషయంలో అదే మాటను జాలితో పలుకుతాము. ‘ఇక ఆమె శేషజీవితం కొడుకు దగ్గరే’ అన్నప్పుడు, ఖర్చు పోగా మిగిలిన చిల్లర అన్న ధ్వని అందులో వినబడుతుంది. శాస్త్రంలో ఈ మాటకు ఇంత చిన్న అర్థం లేదు. ప్రళయంలో సమస్తమూ లయించిన పిమ్మట మిగిలి ఉండేవాడు గనుక ఆదిశేషునికి ఆ పేరు కలిగినదని పెద్దలు చెబుతారు. శ్రీమహావిష్ణువు శయనించేది ఆ మిగిలినవాని మీదనే. శ్రీవైష్ణవ సంప్రదాయం జీవుని శేషుడనీ, భగవంతుని శేషి అనీ అన్నది. స్వామికి కట్టి తీసిన వస్త్రం శేషవస్త్రమై భక్తుని తలకెక్కుతుంది. మిగిలినదానికి ఇంత విలువ కట్టిన సంప్రదాయంలో పుట్టిన మనం, మిగిలిన మనిషికి ఏ విలువ కడుతున్నాము? ఈ నెల పాఠం దానిని గురించి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో నెలకొకమారు చొప్పున వాల్మీకి రామాయణం చదివి అర్థం చెప్పే కూటములకు నేను వెళుతుంటాను. వచ్చేవారిలో ఎక్కువమంది 60 దాటినవారు. వారిలో సగానికి సగం ఒంటరిగా వచ్చేవారే. పారాయణం ముగిసిన తరువాత వారు అడిగే ప్రశ్నలు వేదాంతానికి సంబంధించినవి కావు. ‘సారూ, ఆయన ఫొటోతోని రోజూ మాట్లాడుత, తప్పా?’ అని ఒకరు. ‘మనుమరాలి పెండ్లిల నేను ముందటికి రావచ్చునా?’ అని ఒకరు. ‘బ్యాంకు పుస్తకం కొడుకు దగ్గరున్నది, అడిగితే ఏమనుకుంటడో’ అని మరొకరు. ఇవన్నీ స్త్రీలు అడిగేవి. పురుషులు ఏమీ అడగరు. అందరూ వెళ్లిపోయేదాకా చెప్పులు వెదుకుతున్నట్లు నిలబడి, చివరకు ‘బస్సుకు ఇంక టైమున్నది’ అంటారు.

ఆ నిలబడడం ఎటువంటిదో నాకు తెలుసు. నాలుగేండ్ల క్రిందట కార్తీక మాసంలో నా ధర్మపత్ని పరమపదించినది. 43 సంవత్సరాల కాపురం మాది. 13 రోజులు ఇల్లు బంధువులతో నిండి ఉన్నది. ఎవరో వండేవారు, ఎవరో వడ్డించేవారు. 14వ నాడు తెల్లవారి లేచేసరికి వంటింటిలో చప్పుడు లేదు. చాయపత్త డబ్బా ఏదో తెలియక నాలుగు డబ్బాలు తెరిచాను. ముప్పదేండ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవానికి తన ఇంటిలో ఉప్పు ఎక్కడ ఉంటుందో తెలియదు. అది చిన్న విషయమే, నెల రోజులలో తెలుసుకొన్నాను. తెలుసుకోవడానికి చాలాకాలం పట్టినది మరొకటి. పిల్లలు ఎప్పుడూ ఫోన్ చేసేది వాళ్ల అమ్మకు. ఎవరికి జ్వరం, ఎవరికి పరీక్షలు, ఎవరి ఇంటి అద్దె పెరిగినది, అంతా ఆమె విని, ఫోన్ పెట్టేసి నాకు చెప్పేది. ఆమె పోయినప్పుడు నా పిల్లల కబురు నాకు చేరే దారి కూడా పోయినది. కుమారుడు ఫోన్ చేసి ‘బాపూ, తిన్నవా?’ అంటాడు. ‘తిన్న’ అంటాను. ఆ తరువాత ఇద్దరికీ మాట దొరకదు. ఒక్క మనిషి పోయినది అనుకొంటాము గాని, పోయేవి అనేకం.

కాళిదాస మహాకవి ఈ సంగతిని ఎరుగును. రఘువంశం ఎనిమిదవ సర్గలో అజమహారాజు భార్య ఇందుమతి, ఆకాశం నుండి జారిన నారదుని వీణమీది పూలమాల తగిలి ఉద్యానవనంలో మరణిస్తుంది. అజుడు విలపిస్తూ ఆమె ఒక్కతె పోగా తనకు ఎన్ని బంధాలు తెగిపోయినవో లెక్కపెట్టుకొంటాడు. యాగదీక్షలో ఉన్న కులగురువు వసిష్ఠుడు తాను రాలేక, శిష్యుని ద్వారా ఉపదేశం పంపుతాడు. ఉపదేశం ఉత్తమమైనదే. అయినా అది అజుని హృదయంలో నిలువలేదని కవి దాచకుండా చెప్పాడు. అజుని నిలిపినది మరొకటి: కుమారుడు దశరథుడు ఇంకా బాలుడన్న ఎరుక. ఆ పసివాని కొరకు ఆయన ఎనిమిదేండ్లు గడిపాడు. ఆమె రూపాన్ని చిత్రపటంలో చూచుకొంటూ, కలలో కలిసి ఊరడిల్లుతూ గడిపాడు. ఫొటోతో మాట్లాడడం తప్పా అని అడిగిన తల్లికి నేను ఈ కథనే చెప్పాను. రఘువంశపు రాజుకు తప్పు కానిది మీకు తప్పు ఎట్లవుతుందమ్మా అన్నాను.

పరామర్శకు వచ్చి మూడవ నాడే గీత రెండవ అధ్యాయం వినిపించే పెద్దలకు ఒక మనవి. ఆ ఉపదేశం జరిగినది యుద్ధానికి ముందు, కర్తవ్యం ఎదుట నిలిచి వెనుకాడుతున్న వీరునికి. అభిమన్యుడు మరణించిన రాత్రి అర్జునుని కోరికపై శ్రీకృష్ణుడు సుభద్ర ఉన్న చోటికి స్వయంగా నడచి వెళ్లి ఓదార్చాడు. మీరు కూడా వెళ్లండి, కూర్చోండి. ‘ఆయుష్షు అంతే’, ‘నీకంటె ముందు పోవడం ఆమె అదృష్టం’ వంటి మాటలు నోటి దాకా వచ్చినా ఆపుకోండి. వీలైతే నెల దాటిన తరువాత మరొకమారు వెళ్లండి. అప్పటికి ఆ ఇంటికి ఎవరూ రారు.

అజుని కథకు ముగింపు కూడా చెప్పవలె. శోకం ఆయన దేహాన్ని లోపలి నుండి చీల్చినది. ఎనిమిదేండ్ల తరువాత, కుమారుడు ఎదిగి రాజ్యభారం మోయగలవాడు కాగానే, ఆయన దేహం చాలించాడు. ఆ ముగింపు మనకు ఆదర్శం కాదు గాని, దుఃఖం మనసుతో ఆగదని, శరీరాన్ని పట్టుకొంటుందని కవి చూచినది నిజం. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పార్క్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. 55 ఏండ్లు దాటి భార్యను పోగొట్టుకొన్న 4,486 మంది పురుషులను వారు గమనించగా, మొదటి ఆరు నెలలలో మరణాలు అదే వయసు వివాహితులలో కంటె 40 శాతం అధికంగా కనబడినవి. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం ఉన్నట్టుండి బలహీనమై, ఒక వైపు ఉబ్బి, గుండెపోటు వలె కనబడే స్థితిని జపాను వైద్యులు 1990లో వర్ణించారు. అక్కడి జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో గుండె కనబడడం వలన దానికి ‘టాకోట్సుబో’ అని పేరు పెట్టారు. ఇది పెద్ద వయసు స్త్రీలలో ఎక్కువ. సకాలంలో వైద్యం అందితే చాలామంది కోలుకొంటారు. కనుక కొత్తగా భర్తను పోగొట్టుకొన్న తల్లి ఛాతీలో నొప్పి అంటే ‘దిగులుతోని అట్లనే ఉంటది’ అని ఊరుకోరాదు.

మన ఇండ్లలో జరిగేది ఇంతకంటె సాదాగా ఉంటుంది. బీపీ మాత్ర వేసుకొన్నారా అని అడిగే గొంతు పోయినది గనుక మాత్ర ఆగిపోతుంది. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడమెందుకని రాత్రి పూట అటుకులతో సరిపెట్టుకొంటారు. కొందరు దుఃఖాన్ని ఉపవాసాలలోకి మళ్లిస్తారు. సోమవారం, శనివారం, ఏకాదశి అని వారంలో మూడు పూటలు మానేస్తారు. షుగరు ఉన్నవారికి ఇది ప్రమాదం. ఉపవాసం చేయలేదని స్వామి కోపించడు. ‘నేనూ పోతే బాగుండు’ అన్న మాట ఒకసారి రావడం సహజం; రోజూ వస్తున్నదంటే, నిద్ర, ఆకలి తిరిగి రావడం లేదంటే, వైద్యునికి చెప్పవలసిందే. ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయానికి ప్రత్యేకంగా 14567 ఉన్నది. ఈ రెండు సంఖ్యలను పెద్ద అక్షరాలతో వ్రాసి ఫోను పక్కన గోడకు అంటించుకోండి.

ఇక కర్మకాండ విషయం. మరణించినవారు మొదట ప్రేత స్థితిలో ఉండి, సపిండీకరణంతో పితృదేవతలలో కలుస్తారని శాస్త్రం. ఆ సపిండీకరణం సంవత్సరాంతంలో చేయవచ్చు. 12వ నాడు కూడా చేయవచ్చు. ఇప్పుడు అందరం 12వ నాడే ముగిస్తున్నాము. సెలవులు అంతకు మించి దొరకవు గనుక అందులో తప్పు లేదు. అయితే శాస్త్రకారులు మొదట ఒక సంవత్సరాన్ని ఎందుకు తలచారో ఆలోచించండి. నెలకొక మాసికం, చివర ఆబ్దికం. ఆ సంవత్సరంలో ప్రతి పండుగా ఒకసారి ఆమె లేకుండా వస్తుంది, ఆయన లేకుండా వస్తుంది. పోయినవారితో బంధం తెగిపోవాలని ఏ విధీ చెప్పలేదు. ఆ బంధానికి మరొక రూపం ఏర్పడడానికి ఒక ఏడాది గడువు ఇచ్చినది. మాసికాలు యథావిధిగా జరపలేనివారు ఆ తిథి నాడు ఇంటివారందరూ కూర్చొని పోయినవారికి ఇష్టమైనది వండుకొని వారిని గురించి మాట్లాడుకొన్నా ఎంతో మేలు. మౌనంగా ఉంటే పెద్దాయన బాధపడడనుకొని పిల్లలు అమ్మ పేరెత్తరు. పేరెత్తని ఇంటిలో ఆయన రెండవసారి ఒంటరి అవుతాడు.

భాద్రపద బహుళ పక్షంలో భార్యను పోగొట్టుకొన్నవారికి ఒక తిథి ఉన్నది, అవిధవా నవమి. సుమంగళిగా వెళ్లినవారిని తలచుకొనే రోజు అది. ఆ తరువాత వచ్చే అమావాస్య మన పెత్రమాస. ఆ ఉదయం పెద్దల పేరున బియ్యం, కూరగాయలు, పప్పు ఉప్పు చేటలో పెట్టి ఇస్తాము. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఉదయం పోయినవారి కోసం, సాయంత్రం ఆటపాటల కోసం ఒకే రోజును ఏర్పరచిన మన పూర్వుల తెలివికి నేను ఏటా ఆశ్చర్యపడుతూనే ఉంటాను. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు నెదర్లాండ్స్‌లో చెప్పినది కూడా ఇటువంటిదే. దుఃఖంలో ఉన్నవారు కొంతసేపు పోయినదాని వైపు, కొంతసేపు కొత్తగా కట్టుకోవలసిన బ్రతుకు వైపు ఊగుతూ ఉంటారని, ఆ ఊగడమే ఆరోగ్యమని వారి వివరణ. కనుక ఉదయం ఏడ్చిన అత్తమ్మ సాయంత్రం టీవీ చూచి నవ్వితే వింతగా చూడకండి. నవ్వినందుకు ఆమె తనను తానే నిందించుకొంటూ ఉంటుంది, మనం తోడు పోనక్కరలేదు.

దుఃఖం అందరిదీ ఒకటే అంటాము గాని ఊరిని బట్టి, పనిని బట్టి దాని తీరు మారుతుంది. సిరిసిల్లలో చేమగ్గాల కాలంలో భర్త గుంట మగ్గంలో కూర్చొంటే భార్య రాట్నం మీద కండెలు చుట్టేది. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది. ఆ దంపతులు పగలంతా ఒకరి చేతికి ఒకరు పని అందించుకొన్నవారు. తరువాత మరమగ్గాలు, అక్కడి వాడుకలో సాంచాలు, వచ్చినవి. వాటి చప్పుడులో మాట వినబడదు గనుక ముఖం చూచి సంగతి గ్రహించడం వారికి అలవాటు. భార్య పోయిన ఒక వృద్ధ నేతకారుడు నాతో అన్న మాట ఇది: ‘చెప్పకుండనే తెలిసేది సారూ. ఇప్పుడు అన్నీ నోరు తెరిచి చెప్పాల్సొస్తున్నది, కోడలికి.’ ఆయనకు కోడలి మీద ఫిర్యాదు లేదు. అలవాటైన భాష ఒకటి పోయినది, అంతే.

కోరుట్ల, జగిత్యాల వైపు కథ వేరు. ఇక్కడి పురుషులు ఎందరో దుబాయి, మస్కటు, సౌదీ పోయి బ్రతికారు. రెండేండ్లకొకసారి రెండు నెలల సెలవు అనుకొంటే, ముప్పదేండ్ల కాపురంలో ఆలుమగలు ఒక కప్పు కింద గడిపినది మూడేండ్లు నిండదు. ఆమె బీడీలు చుట్టి, పిల్లలను పెంచి, అత్తమామలను సాగనంపి, ఇల్లు కట్టించి ఎదురు చూస్తుంది. ఆయన 58వ ఏట వచ్చేస్తాడు. ఇక కలిసి ఉండవచ్చు అనుకొన్న రెండు మూడేండ్లలో ఒకరు వెళ్లిపోతారు. గడిచినదానిని తలచుకొని ఏడ్చేవారికి జ్ఞాపకాల ఊరట ఉంటుంది. మొదలు కాబోయినదాని కోసం ఏడ్చేవారికి అది కూడా తక్కువ. అటువంటి తల్లితో ‘నీకు ఒంటరితనం అలవాటే కదా’ అనేవారిని నేను విన్నాను. ఆమె ఒంటరిగా ఉన్నది అలవాటు చొప్పున కాదు, ఆశ చొప్పున.

జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున ధర్మపురి ఉన్నది. శ్రీలక్ష్మీనరసింహస్వామి సన్నిధిలోనే యమధర్మరాజుకు ఆలయం ఉండడం ఆ క్షేత్రపు విశేషం. ధర్మపురి చూచినవారికి యమపురి లేదని నానుడి. భక్తులు అక్కడి గండదీపంలో నూనె పోసి మొక్కుకొంటారు. జీవులను శిక్షించే పనితో మనశ్శాంతి కరువైన యముడు గోదావరిలో స్నానం చేసి నరసింహుని దర్శించి శాంతి పొందినట్లు స్థలపురాణం. ప్రాణాలు కొనిపోయేవానికి కూడా మనసు బరువెక్కుతుందని చెప్పే ఆ కథ నాకు ఇష్టం. నరసింహ శతకం రచించిన శేషప్ప కవిది ఆ ధర్మపురే. కడపటి ఘడియలో స్వామి నామం నోట పలుకుతుందో లేదో అన్న భయంతో, జ్ఞానమున్నప్పుడే తలచుకొంటానన్న భావం ఆ శతకంలో ఉన్నది. మరణాన్ని ముందుగా తలచుకోవడం అమంగళం కాదని మన ప్రాంతపు కవియే చూపాడు. అయినా ఇండ్లలో ఆలుమగలు ఆ మాట ఎత్తరు. పింఛను కాగితం ఎక్కడ, బ్యాంకులో నామినీ ఎవరు, అప్పు ఎవరికి ఇచ్చాము, ఒకరు పోతే మరొకరు ఏ ఇంట ఉండదలచారు — ఇవి ఇద్దరూ ఉన్నప్పుడే ఒక సాయంత్రం కూర్చొని మాట్లాడుకోవలసినవి. మేము మాట్లాడుకోలేదు.

ఈ సందర్భంలో తెలిసి ఉండవలసిన కొన్ని లౌకిక విషయాలు. మరణాన్ని 21 రోజులలో గ్రామపంచాయతీలో గాని మునిసిపాలిటీలో గాని నమోదు చేయించవలె. ఆ పత్రం లేనిదే ఏ పనీ కదలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా వ్రాయకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకు కొడుకులతో, బిడ్డలతో సమానంగా వాటా ఉన్నది. అది ఎవరి దయా కాదు. రాష్ట్రంలో 2014లో ఆసరా పేరుతో మొదలైన పింఛను నెలకు 1,000 రూపాయలు ఉండగా 2019లో 2,016 అయినది. భర్తను పోగొట్టుకొన్న పేద స్త్రీలు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2007 నాటి చట్టం క్రింద, పిల్లలు పోషించకపోతే వృద్ధులు ఆర్డీవో వద్ద ఫిర్యాదు చేయవచ్చు. చూచుకొంటారన్న షరతుతో వ్రాసి ఇచ్చిన ఆస్తిని, చూచుకోకపోతే తిరిగి పొందే వీలు కూడా అందులో ఉన్నది. ఒక సలహా నా అనుభవం కొద్దీ ఇస్తున్నాను: ఆబ్దికం జరిగేదాకా ఇల్లు గాని భూమి గాని ఎవరి పేరా మార్చవద్దు. ఎంత మంచి పిల్లలైనా సరే, దుఃఖంలో పెట్టే సంతకం మనది కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ చెప్పడం సులువు. చెప్పడానికి వెనుకాడుతున్నది ఇక మిగిలినది.

మా నాయిన కాలం చేసినప్పుడు మా అవ్వకు 58 ఏండ్లు. నా పెద్దబిడ్డ పెండ్లి నాటికి ఆమెకు 70 దాటినవి. ఆ బిడ్డను చిన్ననాటి నుండి పెంచినది ఆమెయే. పెండ్లికూతురిని చేసే నాడు ఐదుగురు ముత్తయిదువలను పిలిచాము. వాకిట్లో పీట వేసి, పసుపు పూసి, పాటలు పాడుతూ ఉంటే అవ్వ వంటింటి గడప లోపల నిలబడి చూచినది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. ‘రా అవ్వా’ అనవలసినవాడను నేను. అనలేదు. అప్పటికే నేను యుద్ధకాండను రెండుసార్లు ఆద్యంతం చెప్పి ఉన్నాను.

యుద్ధకాండ చివర పట్టాభిషేక ఘట్టం ఉన్నది. అంతకంటె మంగళకరమైన రోజు రామాయణంలో లేదు. ఆ నాడు సీతమ్మకు అలంకారం చేసినది ఎవరు? దశరథుని భార్యలందరూ తమ చేతులతో తామే ఆమెను మనోహరంగా అలంకరించారని వాల్మీకి మహర్షి చెప్పాడు. అప్పటికి దశరథుడు మరణించి పదునాలుగేండ్లు. వెంటనే కౌసల్యాదేవి సంతోషంతో వానర స్త్రీలందరినీ శ్రద్ధగా అలంకరించిందని కూడా చెప్పాడు. వసిష్ఠాది మహర్షులు అక్కడే ఉన్నారు. ఈ చేతులు పనికిరావని ఒక్కరు అన్నట్లు లేదు. భర్తలేని స్త్రీకి కఠిన నియమాలు విధించిన స్మృతి వాక్యాలు లేవని నేను అనను, ఉన్నవి. వాటిని చూపేవారు ఈ ఘట్టాన్ని కూడా చూడవలె. రామపట్టాభిషేకం పటాన్ని పూజా మందిరంలో పెట్టుకొని, ఆ పటంలోని సీతమ్మ నగలు ఎవరు పెట్టినవో మరచిపోయాము.

నా భార్య పోయిన మరుసటి ఏడు కోరుట్లలో బంధువుల పెండ్లికి వెళ్లాను. ‘పెద్దమనిషి వచ్చిండు, ముందుగాల అక్షింతలు మీరే వెయ్యాలె’ అని చేయి పట్టుకొని మంటపం మీదికి తీసుకొనిపోయారు. అవ్వ పోగొట్టుకొన్నదీ నేను పోగొట్టుకొన్నదీ ఒకటే. ఆమెకు గడప లోపలి చోటు, నాకు మంటపం. అక్షింతలు వేసి దిగివచ్చి, భోజనం చేయకుండానే బస్సెక్కాను. అప్పటికి అవ్వ పోయి ఆరేండ్లు.

బతుకమ్మ ఆటలో కూడా ఇదే చూస్తున్నాము. పాటలన్నీ వచ్చినది ముసలమ్మకు. ఆమె అరుగు మీద కూర్చొని అందిస్తుంది. పసుపు గౌరమ్మను పంచుకొనే వేళకు తానే లేచి లోపలికి పోతుంది. 2017 నుండి కొన్నేండ్లు సిరిసిల్ల సాంచాల మీద బతుకమ్మ చీరలు నేయించి, రేషను కార్డు ఉన్న ఇండ్లలో 18 ఏండ్లు నిండిన ఆడవారికి పంచారు. ఆ చీర ఇచ్చేటప్పుడు పుస్తె ఉన్నదా అని ఎవరూ అడగలేదు. ఈ ఒక్క విషయంలో సర్కారు పంపకం మన వాకిలి కంటె విశాలంగా ఉండినదనిపించినది.

ఆలయాలకు వచ్చే ఒంటరి పెద్దలకు పని చూపండి అని మన కమిటీలకు విన్నవించుకొంటున్నాను. పూలు గుచ్చడం, తులసి కోయడం, ప్రసాదం పంచడం, పిల్లలకు పాటలు నేర్పడం, ఏదైనా సరే. అజునికి దశరథుడు ఉన్నట్లు వీరికి ఉదయం లేవడానికి ఒక కారణం కావలె. పురుషులకు వంటశాలలో కూరగాయలు తరిగే పని ఇవ్వండి. సిగ్గుపడతారు గాని, మా ఊరి అన్నదానంలో నేను నేర్చుకొన్నది అక్కడే.

నిరుడు మాఘమాసంలో సిరిసిల్లలో మా అక్క మనుమరాలి పెండ్లి జరిగినది. అక్కకు 74 ఏండ్లు, బావ పోయి తొమ్మిదేండ్లు. పెండ్లికూతురిని చేసే ముందు నేను అక్క దగ్గరికి వెళ్లి, మొదటి పసుపు నువ్వే పెట్టాలె అన్నాను. పట్టాభిషేక ఘట్టం చెప్పాను. ఆమె విని, ‘రామాయణం సరే తమ్మీ, రేపు పోరికి ఏమన్న అయితే నన్నే అంటరు’ అన్నది. దానికి నా దగ్గర శ్లోకం లేదు. ఆమె కూతురు, అంటే పెండ్లికూతురి తల్లి, పసుపు గిన్నె తెచ్చి ఆమె ఒడిలో పెట్టి, ‘ఎవరంటరో నేను చూస్త అమ్మా’ అన్నది. ఇద్దరు ముగ్గురు ఆడవారు లేచి పక్కకు పోయారు. అక్క చాలాసేపు ఆ గిన్నెను చూస్తూ కూర్చున్నది. తరువాత లేచి, పీట దగ్గర వంగి, మనుమరాలి పాదాలకు పసుపు రాసినది. చేయి వణికి కొంత నేల మీద పడ్డది.

ఆ మధ్యాహ్నం బంతిలో నా పక్కన కూర్చొని, అన్నం కలుపుతూ, ‘అవ్వ ఉంటె బాగుండు తమ్మీ’ అన్నది.